రాజకుమారి కథని కాన్సాస్ మైదానంలోకి దింపడం ఎలా: స్వీట్ వెస్టర్న్ రొమాన్స్ రాయాలనుకునేవాళ్లకి

మన దగ్గర కౌబాయ్ అనగానే కృష్ణ గారు, గుర్రం, నడుముకి తుపాకీ, ఎక్కడో దాచిన నిధి. 1971 నుంచి ఆ బొమ్మ మన కళ్లలో అలాగే ఉండిపోయింది. కానీ అదే నేల మీద, అదే కాలంలో, తుపాకీ ఒక్కసారి కూడా పేలకుండా నడిచే ప్రేమకథల రకం ఒకటి ఇంగ్లీషులో ఉంది. చిన్నప్పుడు విన్న రాజకుమారి కథనే తీసుకుని, కోట ఉన్నచోట పొలం పెట్టి, రథం ఉన్నచోట రైలు పెట్టి, ముద్దు దాటి ముందుకెళ్లని ప్రేమతో, చివర్లో తప్పకుండా పెళ్లితో రాస్తారు. స్వీట్ వెస్టర్న్ రొమాన్స్ అంటే ఇదే. తెలుగులో ఫోన్లో సీరియల్స్ చదివేవాళ్లకి ఇది బాగా పడుతుందని నా గట్టి నమ్మకం, ఎందుకంటే మనం పెళ్లి కుదరడం, చెడడం, మళ్లీ కుదరడం చుట్టూ తిరిగే కథని ఎన్ని వందల భాగాలైనా వదలకుండా చదువుతాం.

ఎలా రాయాలో ఒకే కథని మొదటి నుంచి పట్టుకుని చూపిస్తాను, విడివిడి చిట్కాలుగా చెప్తే చదివేటప్పుడు బాగానే ఉంటాయి గానీ రాయడానికి కూర్చున్నాక ఒక్కటీ చేతికి రాదు. అన్ని అడుగుల్లోనూ మీరు చేసే పని నిజానికి ఒక్కటే: పాత కథలో మాయ చేసిన పనిని మీ కథలో ఆ నేల చేత చేయించాలి. అక్కడి వాతావరణం, చట్టం, దూరం, డబ్బు లేకపోవడం, ఇవన్నీ మాయ చేసినంత పనీ చేస్తాయి. కేవలం టోపీలూ బూట్లూ మారిస్తే అది వేషం అవుతుంది, కథ అవ్వదు.

మొదటి అడుగు: ముడి చూసి కథని ఎంచుకోండి

అందరూ ముందు సిండ్రెల్లా మీద పడతారు. 1697లో ఫ్రెంచి రచయిత పెర్రో రాసిన రూపంలో గాజు చెప్పు, గుమ్మడికాయ బండి ఉంటాయి, 1812లో గ్రిమ్ సోదరులు అచ్చేసిన రూపంలో తల్లి సమాధి మీద చెట్టు, పక్షులు ఉంటాయి, రెండూ బాగుంటాయి, కానీ పాఠకులకి ప్రతి మలుపూ ముందే తెలుసు. బ్యూటీ అండ్ ద బీస్ట్ కూడా వెస్టర్న్‌కి ఒదుగుతుంది, తండ్రి అప్పు తీర్చడానికి కూతురు మొరటు మనిషి పశువుల రాంచ్‌కి వెళ్లడం అన్నమాట. ఆ దారిలో చాలామంది నడిచారు.

నేనైతే గ్రిమ్ కథల్లోదే 'పెద్దబాతులు కాసే అమ్మాయి' తీసుకోమంటాను. కథ తెలియనివాళ్ల కోసం చెప్తాను. రాణి తన కూతుర్ని దూరదేశపు రాకుమారుడికిచ్చి పెళ్లి చెయ్యడానికి ఒక పరిచారికతో, మాట్లాడే గుర్రంతో పంపుతుంది, తన రక్తం మూడు చుక్కలు పడిన రుమాలు రక్షగా ఇస్తుంది. దారిలో వాగు దగ్గర నీళ్లు తాగుతుంటే రుమాలు కొట్టుకుపోతుంది. ఆ క్షణం నుంచి పరిచారిక పైచేయి. బట్టలు మార్పిస్తుంది, గుర్రం లాక్కుంటుంది, ఈ సంగతి ఏ మనిషికీ చెప్పనని ఒట్టు వేయించుకుంటుంది. కోటకి చేరాక దొంగ పెళ్లికూతురు లోపలికి, అసలు రాజకుమారి బాతులు కాయడానికి. మాట్లాడే గుర్రాన్ని చంపించేస్తారు, కానీ దాని తల కోట ద్వారానికి వేలాడుతూ కూడా ఆ పిల్లతో మాట్లాడుతూనే ఉంటుంది. చివరికి ముసలి రాజుకి అనుమానం వచ్చి అడిగితే, ఒట్టు ఉంది చెప్పలేనంటుంది. అయితే ఈ ఇనప పొయ్యికి చెప్పుకో అంటాడాయన. ఆమె పొయ్యిలో దూరి ఏడుస్తూ అంతా చెప్పుకుంటుంది, రాజు పొగగొట్టం దగ్గర చెవి పెట్టి వింటాడు.

ఇప్పుడు ముడి చూడండి. ఒకమ్మాయి ముఖం తెలియని పెళ్లికొడుకు కోసం వందల మైళ్లు ప్రయాణం చేసింది, తానెవరో రుజువు చేసే వస్తువు పోగొట్టుకుంది, తన స్థానంలో ఇంకొకరు కూర్చున్నారు. 1870ల అమెరికాలో ఉత్తరాల ద్వారా పెళ్లి కుదుర్చుకుని పడమటికి రైలెక్కిన ఆడవాళ్లకి ఇది నిజంగా జరగగలిగిన ప్రమాదం. పెళ్లి ప్రకటనల కోసమే నడిచిన పత్రికలు ఆ దశాబ్దంలో ఉన్నాయి. మీరు ఏ కథ ఎంచుకున్నా ఇలా ముడీ నేలా వాటంతట అవే కలిసిపోవాలి. బలవంతంగా కలపాల్సి వస్తే ఆ కథ వదిలెయ్యండి.

రెండో అడుగు: ఊరు ఊహించుకోండి, సంవత్సరం మాత్రం నిజంది పెట్టుకోండి

ఊరి పేరు కల్పించుకోవచ్చు, మంచిది కూడా, ఎందుకంటే ఏ వీధిలో ఏ దుకాణం ఉండేదో ఎవరూ తప్పు పట్టరు. కానీ ఏ రాష్ట్రం, ఏ రైలు మార్గం పక్కన, ఏ సంవత్సరం అన్నది ఖాయం చేసుకోకుండా ఒక్క వాక్యం కూడా రాయకండి.

మన కథకి 1874, అమెరికా నడిమధ్య ఉన్న కాన్సాస్ రాష్ట్రం. కారణం చెప్తాను. 1873 సెప్టెంబరులో న్యూయార్క్, ఫిలడెల్ఫియాల్లో పెద్ద బ్యాంకు సంస్థ జే కుక్ అండ్ కంపెనీ కూలిపోయి దేశమంతా ఆర్థిక సంక్షోభంలో పడింది. ఒహాయోలో ఉన్న మన నాయిక, ఎల్లెన్ అనుకుందాం, వాళ్ల నాన్న కూడబెట్టింది అలా పోయింది. అంటే రాజకుమారి రాజ్యం పోగొట్టుకోవడానికి మాంత్రికుడు అక్కర్లేదు, ఒక బ్యాంకు చాలు. అటు కాన్సాస్‌లో 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఎవరైనా 160 ఎకరాలకి దరఖాస్తు పెట్టుకుని, ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే ఆ భూమి వాళ్లది, ఫీజులన్నీ కలిపి సుమారు 18 డాలర్లు. మన నాయకుడు థామస్ అలాంటి రైతు. చెట్లు లేని మైదానం కాబట్టి ఇల్లు కలపతో కాదు, గడ్డివేళ్లు అల్లుకున్న మట్టిపెళ్లల్ని ఇటుకల్లా కోసి పేర్చింది. వాళ్లమ్మ ఉండేది ఇంకా పాత ఇల్లు, గట్టు పక్కని తవ్వి చేసింది, కప్పు మీద గడ్డి మొలుస్తుంది, నేలలోంచి పొగగొట్టం ఒక్కటి పైకి కనబడుతుంది. ఈ పొగగొట్టాన్ని గుర్తుపెట్టుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, 1874 జూలై చివర్లో కాన్సాస్ మీద మిడతల దండు పడింది. మనం మామూలుగా మాట వరసకి వాడే మిడతల దండు కాదు, ఆకాశం నల్లబడి, నేల మీద కొన్ని అంగుళాల మందాన పేరుకున్న దండు. గోధుమ చాలావరకు అప్పటికే కోతలైపోయింది కానీ మొక్కజొన్న మొత్తం పోయింది. కూరగాయల మళ్ల మీద దుప్పట్లు కప్పితే దుప్పట్లే తినేశాయి, పనిముట్ల కర్రపిడులు కొరికేశాయి, బావుల్లో పడి నీళ్లు కుళ్లాయి. పట్టాల మీద నలిగిన మిడతలకి చక్రాలు జారి రైళ్లు ఆగిపోయాయి.

రైళ్లు ఆగిపోయాయి అంటే పాస్టర్ రాలేడు. అప్పట్లో చిన్న ఊళ్లలో చాలావాటికి సొంత పాస్టర్ ఉండేవాడు కాదు, ఊరూరూ తిరిగేవాడు వచ్చినప్పుడే ఎక్కువగా పెళ్లిళ్లు. పాస్టర్ రాకపోతే దొంగ పెళ్లికూతురితో థామస్ పెళ్లి వాయిదా. చూశారా, ఒక్క చరిత్ర సంగతి కథ మధ్యభాగాన్నంతా మోసేసింది. తేదీలు ఇలా కథని కదిలించాలి, అలంకారంగా వేలాడకూడదు.

మూడో అడుగు: పాత కథలో ఒక్కో వస్తువు ఏం పని చేస్తోందో రాసుకోండి

కాగితం తీసి ఎడమ పక్క పాత వస్తువు, కుడి పక్క అది చేసే పని రాయండి. వస్తువుకి బదులు వస్తువు వెతక్కండి, పనికి బదులు పని వెతకండి.

రుమాలు చేసే పని ఏమిటి? తానెవరో తనకీ లోకానికీ రుజువుగా ఉండటం. మన కథలో అది థామస్ ఎల్లెన్‌కి రాసిన ఉత్తరాల కట్ట. మూడు సెంట్ల స్టాంపుతో ఒక్కొక్కటీ వచ్చిన ఉత్తరాలు. అవి ఎవరి చేతిలో ఉంటే ఆమే పెళ్లికూతురు.

గుర్రం తల చేసే పని? నిజం తెలిసిన సాక్షి ఒకటి నోరులేకుండా మిగిలి ఉండటం. స్వీట్ రొమాన్స్‌లో గుర్రాన్ని చంపొద్దు, పాఠకులు మిమ్మల్ని క్షమించరు. పడమటికి వెళ్లేవాళ్లు సామానుతోపాటు పశువుల్ని కూడా రైలు పెట్టెల్లో వేసుకెళ్లేవాళ్లు కాబట్టి ఎల్లెన్ తన ఆడగుర్రాన్ని తెచ్చుకుంది, ఇప్పుడది దొంగ పెళ్లికూతురి చేతిలో ఉంది, ఆమెని చూస్తే బెదురుతుంది. వాళ్లు దాన్ని అద్దె గుర్రాల కొట్టానికి అమ్మేస్తారు. ఎల్లెన్ రోజూ బాతుల్ని తోలుకుంటూ ఆ కొట్టం ముందు నుంచే వెళ్తుంది, ఈల వేస్తే ఆ గుర్రం కట్టు తెంచుకునేంత పని చేస్తుంది. మాట్లాడక్కర్లేదు, అది చాలు.

గాలి? పాత కథలో రాజకుమారి గాలిని పిలిచి, తన జుట్టు పట్టుకోవాలని చూసే కుర్రాడి టోపీ ఎగరగొట్టిస్తుంది. కాన్సాస్‌లో ఈ మాయని మార్చే పనే లేదు, అక్కడి గాలి ఎవర్నీ అడక్కుండానే టోపీలు ఎగరేస్తుంది.

బాతులు? బాతుల్ని మాత్రం ఉంచండి. పెద్దబాతుల ఈకలకి అప్పుడు మంచి గిరాకీ, ఈకల పరుపులు ఇంటి ఆస్తి, పెళ్లిలో ఇచ్చే సామాను. బతికున్న బాతుల్ని ఒళ్లో పట్టుకుని ఈకలు పీకేవాళ్లు, అది వేళ్లు పొడుచుకునే, ఒళ్లంతా నూగు పట్టే పని. దొంగ పెళ్లికూతురి పెళ్లి పరుపు కోసం అసలు పెళ్లికూతురు ఈకలు పీకడం కన్నా ఈ కథ బాధని గట్టిగా చెప్పే బొమ్మ నాకింకోటి తట్టలేదు. దాన్ని ఒకటిన్నర పేజీ రాయండి, తొందరపడకండి.

నాలుగో అడుగు: ఆమె ఎందుకు నోరు విప్పదో తేల్చండి

చాలా కథలు చచ్చిపోయేది ఇక్కడే. మూడో భాగంలోనే కామెంట్లలో ఎవరో ఒకరు అడుగుతారు, వెళ్లి చెప్పేస్తే అయిపోతుంది కదా అని. దానికి మీ దగ్గర జవాబు లేకపోతే మిగతా భాగాలన్నీ సాగదీతే.

పాత కథలో చంపుతానని బెదిరించి ఒట్టు వేయించుకుంటుంది. బెదిరింపు చాలదు, ఎందుకంటే ఊళ్లోకొచ్చాక బెదిరింపు పలచబడుతుంది. నేను చెప్పేది ఇది: కాన్సాస్ సిటీలో రైలు మారేచోట ఎల్లెన్‌కి టైఫాయిడ్ పడింది. తోడు వచ్చిన రూత్ వదిలేసి పోలేదు. అద్దెగదిలో రాత్రింబవళ్లు తడిగుడ్డ వేసి, నీళ్లు తాగించి బతికించింది. బతికించాక అడిగింది. నీకు వెనక్కి వెళ్తే అమ్మ ఉంది, నాకెవరూ లేరు, ఈ పెళ్లి నాకిచ్చెయ్, ఏ మనిషికీ చెప్పనని బైబిల్ మీద ప్రమాణం చెయ్. జ్వరం దిగని మత్తులో ఎల్లెన్ చేసేసింది. తేరుకునేసరికి రూత్ లేదు, ఉత్తరాలు లేవు, డబ్బు లేదు, వెనక్కి వెళ్లడానికి టికెట్ లేదు. రైలు దారిలో పనులు చేసుకుంటూ అదే ఊరికి చేరింది, కనీసం గుర్రాన్నైనా తెచ్చుకుందామని.

ఇప్పుడామె నోరు మూసుకోవడంలో భయం ఒక్కటే లేదు, రుణం ఉంది. రుణానికి కట్టుబడ్డ ఆడపిల్లని తెలుగు పాఠకులు ఎవరూ చేతకానిదనుకోరు. దానికి లోకం భయం కూడా చేర్చండి. డబ్బు, తోడు లేకుండా దిగిన ఆడపిల్ల 'ఆయన పెళ్లికూతుర్ని నేనే' అంటే ఆ ఊరు పిచ్చిదంటుంది, లేదా అంతకంటే చెడ్డమాట అంటుంది.

ఇంకో రెండు కన్నాలు పూడ్చాలి. ఫోటో సంగతి ఏమిటి? 1870లలో రేకు మీద తీసే ఫోటోలు చవక, పంపకపోతే ఎందుకు పంపలేదో చెప్పాలి. అలాగే చేతిరాత. థామస్ దగ్గర ఎల్లెన్ రాసిన ఉత్తరాలున్నాయి కదా, రూత్ ఒక్క కాగితం రాసినా దొరికిపోతుంది. ఫోటోకి చిన్న కారణం చాలు, నాన్న పోయిన దుఃఖంలో నల్లబట్టల్లో తీయించుకోవడం ఇష్టంలేక పంపలేదని ఒక్క ముక్క రాసి వదిలెయ్యండి. చేతిరాతని మాత్రం పూడ్చకండి. అదే మీ గాజు చెప్పు. రూత్ చేతికి కట్టు కట్టుకుని కాలినట్టు నటిస్తుంటుంది, కట్టు ఎన్నాళ్లుంటుందో అన్న టెన్షన్ పాఠకుడి మీద ఉంటుంది.

ఐదో అడుగు: రాకుమారుణ్ణి మీరే పుట్టించాలి

పాత కథ మళ్లీ చదవండి. రాకుమారుడు దాదాపు ఏమీ చెయ్యడు. అనుమానపడేది, అడిగేది, వినేది, తీర్పు చెప్పేది అన్నీ ముసలి రాజే. ప్రేమకథకి అది కుదరదు.

ఆ రాజు పాత్రని రెండుగా చీల్చండి. అనుమానపడే సగం థామస్ వాళ్లమ్మకి ఇవ్వండి. ఆవిడ బాతులే అవి, ఎల్లెన్ పనికి కుదిరింది ఆవిడ దగ్గరే. మన పాఠకులకి అత్తగారి పాత్ర అనగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి, కోడలు కాబోయే పిల్లని వదిలేసి పనిపిల్ల మీద మనసు పెరిగే అత్తగారిని చూపిస్తే ఇంక ఆ సీరియల్ వాళ్లు వదలరు. పొగగొట్టం దగ్గర వినే సగం థామస్‌కి.

థామస్ ప్రేమలోనే అసలు బిగింపు ఉంది. అతను ఉత్తరాలు రాసిన అమ్మాయిని ఎప్పుడో ప్రేమించాడు. ఇంటికొచ్చిన పెళ్లికూతురిలో ఆ అమ్మాయి కనబడటం లేదు, అది తన తప్పేమో, కాగితం మీద మనిషి వేరే, ఎదురుగా మనిషి వేరేనేమో అని సర్దుకుంటున్నాడు. ఇంకోపక్క బాతుల అమ్మాయితో మాట్లాడుతుంటే మనసు తేలికపడుతోంది, అలా అనిపించినందుకు తనని తానే తిట్టుకుంటున్నాడు. ఇద్దరూ ఒక్కరేనని పాఠకుడికి తెలుసు, అతనికి తెలియదు. ఈ తేడా మీదే ఇరవై భాగాలు నడపొచ్చు.

మాట తప్పి పెళ్లి ఆపెయ్యొచ్చుగా అంటే, ఆ కాలంలో అమెరికాలో పెళ్లి మాట ఇచ్చి తప్పితే ఆడవాళ్లు కోర్టులో దావా వెయ్యొచ్చు, పరిహారం కట్టాల్సి వచ్చేది. మంచివాడికి మాట అడ్డు, ఊరికి పరువు అడ్డు, పేదవాడికి దావా అడ్డు. మూడూ వాడుకోండి.

ఆరో అడుగు: ప్రేమని పనిలో చూపించండి

స్వీట్ అంటే పడకగది తలుపు దాకా కూడా వెళ్లం. అంటే ప్రేమంతా ఎక్కడ కనబడాలి? చేతుల్లో, చేసే పనిలో. ఆ మైదానంలో కట్టెలు లేవు, ఎండుగడ్డిని తాడులా మెలిపెట్టి పొయ్యిలో వేసేవాళ్లు, ఎండిన పేడ కాల్చేవాళ్లు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని గడ్డి మెలిపెట్టడం రాయండి, మాటలు వాటంతట వస్తాయి. ఎవరు ఎవరి చెయ్యి చూశారు, చూసి ఎక్కడికి చూపు తిప్పుకున్నారు, అంతే.

మిడతలు పడే రోజు మీ కథకి గుండెకాయ. ఆ ఒక్క రోజుకి రెండు మూడు భాగాలు ఇచ్చేయండి. బావి మీద కప్పడానికి గుడ్డ కావాలి. ఇంట్లో ఉన్న మంచి గుడ్డ ఒక్కటే, పెళ్లి కోసం కుట్టిన క్విల్ట్, ముక్కలు ముక్కలు కలిపి ఆడవాళ్లంతా నెలల తరబడి కుట్టిన దుప్పటి. రూత్ దాన్ని గుండెలకి హత్తుకుని ఇవ్వనంటుంది. అందులో ఆమె తప్పు కూడా లేదు, జీవితంలో ఆమెకి దొరికిన మొదటి సొంత వస్తువు అది. ఎల్లెన్ తన ఒంటి మీది శాలువా, పై లంగా తీసి బావి మీద పరిచి రాళ్లు పెడుతుంది. థామస్ చూస్తాడు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. కోళ్లూ టర్కీలూ మిడతల్ని మెక్కుతుంటాయి, తర్వాత వాటి మాంసం కూడా మిడతల వాసన కొట్టి తినలేకపోయేవాళ్లు, ఆ ఆకలి నెలలకి అదొక వివరం.

ఏడో అడుగు: పొయ్యి సన్నివేశం

ఇప్పుడు ఆ పొగగొట్టం. మిడతలు వెళ్లిపోయాక తొలి వాన. గట్టు ఇంటి కప్పు కారుతోందని థామస్ పైకెక్కి మట్టి అదుముతుంటాడు. లోపల ముసలావిడ ఎల్లెన్‌తో అంటుంది, మనిషికి చెప్పనని కదమ్మా ప్రమాణం చేశావు, నేను బయటికి పోతాను, ఈ పొయ్యి మనిషి కాదు. ఎల్లెన్ పొయ్యి తలుపు తెరిచి, చల్లారిన బూడిద ముందు కూర్చుని చెప్పడం మొదలుపెడుతుంది. ఇనప పొయ్యి, ఇనప గొట్టం, పైన నేల మీదికే తెరుచుకున్న మూతి. మాట నేరుగా పైకి వెళ్తుంది.

ఒక్క జాగ్రత్త. పాత కథలో రాజు అంతా వింటాడు. మీ నాయకుడు దొంగచాటుగా అంతా వింటే ప్రేమ తగ్గుతుంది. అతను రెండు వాక్యాలు విని, ఉలిక్కిపడి, గొట్టం మీద చేత్తో తట్టాలి. నేను పైన ఉన్నాను, వినపడుతోంది, ఆపమంటే దిగిపోతాను అనాలి. లోపల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆమె ఆపకుండా చెప్పుకుపోవాలి. పొయ్యికే చెప్తోంది, ప్రమాణం చెడలేదు, కానీ ఎవరు వింటున్నారో ఆమెకి తెలుసు, ఆమె ఒప్పుకుంది. మొత్తం నవలలో ముద్దు కన్నా దగ్గరి సన్నివేశం ఇదే అవుతుంది.

రుజువు దీని తర్వాత రానివ్వండి, ముందు కాదు. ఈకల లెక్క దుకాణానికి పంపడానికి ఎల్లెన్ చీటీ రాస్తుంది, థామస్ తన జేబులోని ఉత్తరం పక్కన పెట్టి చూస్తాడు. అప్పటికే అతను నమ్మాడు. చీటీ ఊరిని నమ్మించడానికి.

ఎనిమిదో అడుగు: రూత్‌ని ఏం చెయ్యాలి

గ్రిమ్ కథలో దొంగ పెళ్లికూతుర్నే తీర్పు అడుగుతారు, ఇలాంటి మోసం చేసినవాళ్లకి ఏ శిక్ష వెయ్యాలి అని. లోపల మేకులు దిగ్గొట్టిన పీపాలో పెట్టి గుర్రాలతో ఈడ్పించాలంటుంది, అదే ఆమెకి వేస్తారు. అది మన కథకి పనికిరాదు, కానీ తీర్పు ఆమె నోటే చెప్పించడం అద్భుతమైన పద్ధతి, పారెయ్యొద్దు.

రూత్ వెనక కథకి నిజమైన ఆధారం ఉంది. 1854 నుంచి 1929 దాకా న్యూయార్క్ లాంటి నగరాల్లోని అనాథ పిల్లల్ని, దిక్కులేని పిల్లల్ని రైళ్లలో పడమటి పల్లెలకి పంపి రైతు కుటుంబాలకి అప్పగించేవాళ్లు. కొందరికి అమ్మానాన్నలు దొరికారు, కొందరు జీతం లేని పాలేర్లు అయ్యారు. రూత్ రెండో రకం ఇంట్లో పెరిగింది. ముసలావిడ అడుగుతుంది, నిన్నేం చెయ్యమంటావు? రూత్ అంటుంది, మళ్లీ ఆ ఇంటికి పంపెయ్యండి, నాకు తగింది అదే. అది విని ఎల్లెన్ ఒప్పుకోదు, ప్రాణం నిలబెట్టిన మనిషి కదా. పెళ్లికాని, 21 ఏళ్లు నిండిన ఆడది హోమ్‌స్టెడ్ చట్టం కింద తన పేరున భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. రూత్‌కి 21 నిండాయని పెట్టండి. ఆ క్విల్ట్ తీసుకుని తన సొంత 160 ఎకరాల వైపు నడుస్తుంది. రెండో పుస్తకానికి నాయిక కూడా దొరికింది.

ఇదే చట్టాన్ని ఎల్లెన్‌కి కూడా తిప్పండి. పెళ్లయిన ఆడవాళ్లు మామూలుగా తమ పేరున అలా దరఖాస్తు పెట్టుకోలేరు. అంటే థామస్‌ని చేసుకుంటే ఆ హక్కు వదులుకున్నట్టే. ఈ సంగతి థామసే ఆమెకి చెప్పి, తొందరేం లేదు ఆలోచించుకో అనాలి. దిక్కులేక చేసుకునే పెళ్లి కాదని అప్పుడు తేలుతుంది.

తొమ్మిదో అడుగు: ఖాళీ నేల అని రాయకండి

ఆ భూమి ప్రభుత్వం పంచకముందు ఎవరిదో మీకు తెలిసుండాలి. కాన్సాస్ అన్న పేరే కాన్సా జాతిది, కా అని కూడా అంటారు, వాళ్లని 1873లో, అంటే మన కథకి ఒక్క ఏడాది ముందు, ఆ రాష్ట్రంలోంచి ఇండియన్ టెరిటరీకి, అంటే ఇప్పటి ఓక్లహోమాకి, పంపేశారు. తియ్యటి ప్రేమకథలో ఇదంతా ఎందుకంటారేమో. ఉపన్యాసం రాయమనడం లేదు. ముసలావిడ ఈ వాగు పక్కన మొన్నటిదాకా ఎవరుండేవాళ్లో పేరుపెట్టి చెప్పుకోవడం, నాగలికి పాత పనిముట్టు తగలడం, ఇలాంటివి రెండు మూడు చోట్ల ఉంటే కథకి నిజాయితీ వస్తుంది. కౌబాయ్‌లలో నల్లజాతివాళ్లు, మెక్సికన్లు చాలామంది ఉండేవాళ్లు. అద్దె గుర్రాల కొట్టం యజమానిని అలాంటి మనిషిని చెయ్యండి, గుర్రం ఎవరిదో ముందు కనిపెట్టేది ఆయనే కావాలి, ఎందుకంటే గుర్రాలు తెలిసినవాడు ఆయన.

పదో అడుగు: తెలుగు

కాన్సాస్ మనుషుల చేత బావా, వదినా అనిపించకండి. మిస్ ఎల్లెన్, మిస్టర్ థామస్ చాలు. కానీ మీరు, నువ్వు అన్నవి మీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం. నవలలో మూడొంతులు ఇద్దరూ మీరు అనే అనుకోవాలి, ఏ క్షణంలో నువ్వుకి దిగుతారో ముందే ఖాయం చేసుకుని దాచుకోండి. నా ఓటు పొగగొట్టం దగ్గర.

తిండి పేర్లు మన నోటికి తెలిసేలా రాయండి: మొక్కజొన్న రొట్టె, బీన్స్, ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం, కాఫీ. మైళ్లు, ఎకరాలు, డాలర్లు అలాగే ఉంచండి. వర్ణన కావ్యభాషలోకి పోతుంటే ఆపండి. చంద్రవంక, నీలాకాశం ఎవరైనా రాస్తారు, నూనెదీపం మసి పట్టిన కిటికీ మీరే రాయాలి.

పదకొండో అడుగు: తేదీలు సరిచూసుకోండి

ముళ్లతీగ కంచె అనగానే వెస్టర్న్ అనిపిస్తుంది, కానీ దాన్ని వాడుకలోకి తెచ్చిన గ్లిడెన్ అనే రైతుకి పేటెంట్ వచ్చింది 1874 నవంబరులో, మన కథ వేసవిలో. కాబట్టి కంచె ముళ్లచెట్ల వరస. రైల్వే కంపెనీలు ఒకే రకం టైమ్ జోన్లు పెట్టుకుంది 1883లో, అప్పటిదాకా ఊరికో సమయం, రైలు ఎప్పుడొస్తుందో గొడవపడే సన్నివేశానికి ఇది భలే పనికొస్తుంది. టెలిఫోన్ లేదు, టెలిగ్రాఫ్ ఉంది. రివెట్లు కొట్టిన జీన్స్ ప్యాంటుకి 1873లో పేటెంట్ వచ్చింది, కానీ అప్పటికి అది పడమటి కూలీల బట్ట, కాన్సాస్ పెళ్లికొడుక్కి తొడగకండి.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు పాత అమెరికా పత్రికల్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు, 1874 ఆగస్టు కాన్సాస్ పత్రికలు తెరిచి ప్రకటనలు కూడా చదవండి, పరుపుల ధర, పిండి ధర అక్కడే దొరుకుతాయి. మట్టిపెళ్లల ఇళ్ల ముందు కుటుంబాలు బల్లలు, కుర్చీలు, ఆవుతో సహా నిలబడి దిగిన ఫోటోలు చూడాలంటే సాలమన్ బుచర్ నెబ్రాస్కాలో 1886 నుంచి తీసినవి వెతకండి, పదేళ్లు తర్వాతివే అయినా ఆ ఇళ్ల లోపల ఏముండేదో తెలుస్తుంది. అమెరికాలో ఉంటున్నవాళ్లయితే నెబ్రాస్కాలో బియాట్రిస్ పక్కనే హోమ్‌స్టెడ్ నేషనల్ హిస్టారికల్ పార్క్ ఉంది, పిల్లల్ని తీసుకుని వెళ్లి ఆ పొడవాటి గడ్డిలో కాసేపు నిలబడి రండి, గాలి ఎలా ఉంటుందో రాయడానికి అదొక్కటే దారి.

పన్నెండో అడుగు: ఎక్కడ మొదలుపెట్టాలి

ఒహాయోలో నాన్న అప్పులతో మొదలుపెట్టకండి. ఎల్లెన్ ఆ ఊరి స్టేషన్‌లో దిగి, తన గుర్రం మీద తన టోపీ పెట్టుకుని వెళ్తున్న రూత్‌ని, పక్కనే నడుస్తున్న థామస్‌ని చూసే చోట మొదలుపెట్టండి. ఒక భాగం వెయ్యి, పన్నెండొందల మాటలు దాటకుండా చూసుకోండి. అద్దెగది, జ్వరం, ప్రమాణం మూడో భాగంలోనో నాలుగో భాగంలోనో చెప్పండి, ఆమె ఎందుకు పిలవలేదో అప్పటిదాకా పాఠకులు వాదించుకోనివ్వండి. మిడతలు సరిగ్గా సగంలో పడాలి. పొయ్యి మూడొంతులు అయ్యాక. పెళ్లి వచ్చే ఏడు వసంతంలో పెట్టుకోండి, మధ్యలో ఉన్న ఆకలి చలికాలాన్ని, సైన్యం పంచిన పాత కోట్లు వేసుకుని ఊరంతా ఒకరి పిండి ఒకరు పంచుకోవడాన్ని రెండు భాగాల్లో రాశాక, పాస్టర్‌ని రైలు దింపండి.